చీనాదేశమునకు శిష్యుడైన ఆచార్యుడు

(మన మహాసభ రెండవనాటి సమావేశమున చదివిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించి విరమించినవారము గనుక పాణినినిగూర్చియో కాళిదాసునిగూర్చియో ప్రసంగింతుమని మీలో పలువురు తలచియుందురు. కాని మేమొక ఆంగ్లేయ పండితునిగూర్చియు, ఆయనకు చీనాదేశముతో అర్ధశతాబ్దికి పైగా గల అనుబంధమునుగూర్చియు విన్నవింపదలచితిమి. కమ్మరులు, వడ్రంగులు, కంచరులు, శిల్పులు, స్వర్ణకారులు నగు మనకు ఆ సీమ పండితునితో పనియేమి యని సందేహింపవలదు. చివరవరకు ఓపికతో వినినచో ఆ పని యేమియో మీకే తెలియగలదు.

చీనాదేశీయులు మనకు క్రొత్తవారు కారు. 7వ శతాబ్దమున హ్యుయాన్‌త్సాంగు అను చీనా భిక్షువు ఎడారులును మంచుకొండలును దాటి భరతఖండమునకు వచ్చి, మన కృష్ణాతీరమందలి ధాన్యకటకమున కొన్ని మాసములుండి అచ్చటి భిక్షువులయొద్ద శాస్త్రపాఠము చెప్పించుకొనెను. మరుసటి శతాబ్దమున చీనా చక్రవర్తి ఆస్థానమున గౌతమ సిద్ధుడను భారతసంతతి జ్యోతిష్కుడుండి, మన నవగ్రహగణితమును 718లో చీనాభాషలోనికి పరివర్తించెను. శిష్యుడై పోవుట, పిలిచినచోట గురువై నిలుచుట, ఈ రెండును ఆ కాలపు పెద్దలు ఎరుగుదురు. మేము చెప్పబోవు ఆంగ్లేయుడు గురుపీఠముమీద కూర్చుండియుండి, దానినుండి దిగి శిష్యుడైనవాడు.

ఆయన పేరు జోసెఫ్ నీడ్‌హమ్. 1900 సంవత్సరము డిసెంబరు 9వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు, తల్లి సంగీతరచయిత్రి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విద్యనభ్యసించి, హాప్కిన్సు అను మహాశాస్త్రజ్ఞుని యొద్ద జీవరసాయనశాస్త్రమున కృషిచేసి, పిండము రూపొందుటయందలి రసాయనక్రియలను వివరించు మూడు సంపుటముల గ్రంథమును 1931లో ప్రకటించెను. 1941లో ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. ఆయన భార్య డొరొతీయును శాస్త్రజ్ఞురాలే. ఆమెకును 1948లో ఆ గౌరవమే కలిగెను. ఇట్టివాడు తన శాస్త్రమునందే ఉండియున్నను కీర్తికి కొదువలేదు.

1937లో చీనాదేశమునుండి ముగ్గురు యువశాస్త్రజ్ఞులు పరిశోధన నిమిత్తము కేంబ్రిడ్జికి వచ్చిరి. అందొకరు లూ గ్వే-జెన్ అను విదుషి. ఆమె నాన్‌కింగు నగరమున ఔషధములు విక్రయించు ఒక వర్తకుని కుమార్తె. ప్రాచీనుల శాస్త్రములను, శిల్పములను తృణీకరింపరాదని ఆ తండ్రి కుమార్తెకు చిన్ననాడే నేర్పియుండెను. ఈ ముగ్గురితో సంభాషించినకొలది నీడ్‌హమ్‌నకు ఒక విషయము స్పష్టమయ్యెను: వీరి బుద్ధి తన బుద్ధివంటిదే, ఎందును తక్కువ కాదు. అట్లయినచో నేటి శాస్త్రము ఐరోపాఖండముననే ఏల పుట్టవలె? చీనాదేశమున ఏల పుట్టలేదు? ఈ ప్రశ్న ఆయన మనస్సున నాటుకొని యావజ్జీవము వదలలేదు.

ప్రశ్న కలుగుట సులభము. దానికై ఆయన చేసిన పనియే దుర్లభము. ముప్పదియేడవ యేట, మహాగ్రంథకర్తయై యుండియు, లూ గ్వే-జెన్ యొద్ద చీనా అక్షరములు దిద్దుటకు మొదలిడెను. ఆ భాషలో మనవలె యాబదియారు వర్ణములు నేర్చినచో చాలదు. ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క లిపిరూపము. అట్టివి వేలకొలది కలవు. ఆయన తనకు తానే పట్టికలు వ్రాసికొని, నిఘంటువులు కట్టుకొని, హాలూన్ అను ఆచార్యునితో కూర్చుండి ప్రాచీన గ్రంథములు చదివెను. మహాభారతమున కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకై మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధుని వెదకికొని పోయిన కథ మీరెరిగినదే. తెలియనిది తెలిసినవానియొద్దకు పోవలెను. ఆతని యంతస్తు అడుగరాదు. ఆ కథ సారమిదియే. నీడ్‌హమ్ జీవిత సారమును ఇదియే.

తరువాత యుద్ధము వచ్చెను. జపాను సేనలు చీనాదేశపు తూర్పుభాగమును ఆక్రమించుకొనగా, అచ్చటి విశ్వవిద్యాలయములు పుస్తకములను పరికరములను మూటగట్టుకొని పడమటి కొండప్రదేశములకు తరలిపోయెను. ఆచార్యులు పాడుపడిన దేవాలయములలోను పూరిండ్లలోను పాఠములు చెప్పుచుండిరి. వారికి తోడ్పడుటకై బ్రిటిషు ప్రభుత్వము నీడ్‌హమ్‌ను పంపెను. ఆయన 1943 ఫిబ్రవరిలో కలకత్తానుండి విమానమున హిమాలయపర్వతముల తూర్పుకొనల మీదుగా కున్మింగు చేరి, అచ్చటినుండి యుద్ధకాలపు రాజధానియగు చుంగ్‌కింగు నగరమునకు పోయి, 1946వరకు ఆ దేశమున నుండెను. గ్రంథములు, రసాయనద్రవ్యములు, సూక్ష్మదర్శినులు తెప్పించి ఇచ్చుచు, లారీలలో వేలకొలది మైళ్లు తిరిగి, సుమారు మూడువందల విద్యాస్థానములను దర్శించెను.

1943లోనే ఆయన వాయవ్యమున ఎడారి యంచునగల తున్‌హువాంగు గుహలకు పోయెను. త్రోవలో పలుమారులు చెడిన లారీ అచ్చట మరల చెడి, ఆయనను కొన్ని వారములు కదలనీయలేదు. సంస్కృతవిద్యార్థులమగు మాకు ఆ స్థలము పేరు వినినంతనే ఒడలు పులకించును. వజ్రచ్ఛేదికా ప్రజ్ఞాపారమితయను బౌద్ధసూత్రము, సంస్కృతమునుండి కుమారజీవుడు చీనాభాషలోనికి తెచ్చినది, 868వ సంవత్సరమున అచ్చువేయబడి అచ్చటి గుహలో దొరకినది. తేదీతో కూడిన అచ్చుపుస్తకములలో నేటికి లభించినవానిలో అదియే పురాతనము. జర్మనీలో గూటెన్‌బెర్గు అచ్చుయంత్రమునకు దాదాపు ఆరువందల ఏండ్ల ముందు, మన భాషలో పుట్టిన గ్రంథమును వారి కొయ్యపలకలు అచ్చువేసినవి. పలుకు మనది, ఉలి వారిది.

ఆయన పోయినచోటనెల్ల పండితులనే కాక పనివారిని కూడ పలుకరించెను. ఇది యేమి, దీనిని ఎట్లు చేయుదురు, ఎప్పటినుండి చేయుచున్నారు అని అడిగి పుస్తకమున వ్రాసికొనెను. లీజువాంగు అను చిన్న యూరిలో వాంగ్ లింగ్ అను యువచరిత్రకారుడు పరిచితుడై, తరువాత కేంబ్రిడ్జికి వచ్చి ఆయనకు సహాయుడయ్యెను. చూ కో-చెన్ అను వాతావరణశాస్త్రజ్ఞుడు 18వ శతాబ్దమున సంకలితమై పదివేల అధ్యాయములు గల విజ్ఞానసర్వస్వమును ఆయనకు కానుకగా పంపెను. చీనా మిత్రులు ఆయనకు లీ యువే-సె అని తమ భాషలో పేరుపెట్టిరి. పేరు పెట్టుట యనగా ఇంటివానిగా చేసికొనుటయే గదా!

యుద్ధానంతరము కొంతకాలము పారిసు నగరమున యునెస్కో సంస్థ శాస్త్రవిభాగమును నడిపి, 1948లో కేంబ్రిడ్జి ముద్రణాలయమువారికి ఒక్క సంపుటము వ్రాసెదనని తెలిపెను. ఆ యొక్కటి ఏడు సంపుటములుగా, ఆ యేడును పెక్కు భాగములుగా పెరిగినవి. ‘చీనాదేశమున శాస్త్రమును నాగరకతయు’ అను అర్థముగల పేరుతో మొదటి సంపుటము 1954లో వెలువడెను. ఆయన 1995 మార్చి 24వ తేదీన పరమపదించునాటికి గ్రంథము ముగియలేదు. తరువాతివారు ఇంకను వ్రాసిరి. ఇరువదికి పైగా బృహద్గ్రంథములు నేడు కేంబ్రిడ్జిలో ఆయన పేరుగల పరిశోధనాలయమున వరుసగా నిలిచియున్నవి.

సోదరులారా! మొదటి సంపుటమును ఆయన ఎవరికి అంకితమిచ్చెనో వినుడు. రాజునకు గాదు, మంత్రికి గాదు, ధనము నొసగిన ప్రభువునకు గాదు. లూ గ్వే-జెన్ తండ్రియగు నాన్‌కింగు ఔషధవర్తకునకు, ఆతని వృత్తిని కూడ పేర్కొని, సగౌరవముగా అంకితము చేసెను. అంగడిలో వేళ్లును ఆకులును తూచి యిచ్చిన చేతికి ఆ మహాగ్రంథము సమర్పితమైనది.

ఇక ఆ గ్రంథమునందు మన వృత్తులకు సంబంధించిన భాగము. యంత్రశిల్పమునుగూర్చిన 1965నాటి సంపుటమున తిత్తులు, చక్రములు, రాట్నములు, నీటిమరలు వీనికెల్ల పుటలకొలది స్థానము కలదు. చీనాలోని కమ్మరులు క్రీస్తుపూర్వము 5వ శతాబ్దము నాటికే ఇనుమును నీరువలె కరగించి మూసలలో పోసిరి; ఐరోపావారికి ఈ పని మధ్యయుగములు ముగియువేళకుగాని పట్టుపడలేదు. వారి పెట్టెతిత్తి త్రోసినప్పుడును లాగినప్పుడును రెండువైపుల గాలినిచ్చునది గనుక కొలిమి మంట ఎడతెగదు. క్రీస్తుశకము 31లో తూ షీ అను మండలాధికారి ప్రజల శ్రమ తగ్గించుటకై ఏటినీటి బలముతో తిత్తులూదించెను. 11వ శతాబ్దాంతమున సూ సుంగ్ అనునతడు నీటిచే నడచు గడియారపు గోపురమును నిర్మించెను. ఈ సంగతులను నీడ్‌హమ్ ఊహించి వ్రాయలేదు. ఏ గ్రంథము, ఏ సంవత్సరము, ఏ చిత్రము అని సాక్ష్యము చూపి వ్రాసెను. మన పూర్వులు సర్వము నెరిగియుండిరని సభలలో చప్పట్లకొరకు పలుకుట వేరు. వారు దేనిని, ఎప్పుడు, ఎట్లు చేసిరో నిరూపించుట వేరు. మొదటిదానివలన చెవులకు మాత్రమే సుఖము.

ఆయనయందు లోపములు లేవని మేమనము. 1952లో కొరియా యుద్ధసమయమున అమెరికావారు రోగక్రిములను ప్రయోగించిరను నిందను విచారించుటకు పోయిన సంఘమున ఆయన చేరి, ఆ నింద నిజమేయని సంతకము చేసెను. తన శిష్యమిత్రులగు చీనా శాస్త్రజ్ఞుల మాటను ఆయన నమ్మెను. ఆ తీర్పు పొరపాటని పలువురు చరిత్రకారుల మతము. దానివలన స్వదేశమున నిందలు పడెను. అమెరికా ప్రవేశము చాలకాలము నిషిద్ధమయ్యెను. గ్రంథవిషయమున ప్రతివాక్యమునకు సాక్ష్యమడిగినవాడు స్నేహితుల విషయమున అడుగలేకపోయెను. ప్రేమ కన్ను తెరపించును, ఒక్కొక్కప్పుడు మూయించును. ఆయన నిర్ణయములలో కొన్నింటిని తరువాతి పండితులు దిద్దిరి కూడ. అయినను పునాది చెదరలేదు.

ఆ మొదటి ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానమేమి? చీనాదేశమున అధికారివర్గము బలిసి వర్తకులను తలయెత్తనీయలేదనుట ముఖ్యము. ఐరోపాలో 16, 17 శతాబ్దములందు పండితుని లెక్కయు పనివాని చేయియు కలిసినవనియు, అందుచేతనే నూతనశాస్త్రము పుట్టెననియు మరికొందరి అభిప్రాయము. ఈ వాదము నేటికిని తెగలేదు. కాని ఈ రెండవమాట మమ్ము నిద్రపోనీయలేదు. ఏలనందురా? ఆ రెంటి ఎడబాటు మా యింటనే జరిగినది.

మా తండ్రిగారు కమ్మరి. మా తల్లిగారు తిత్తి యూదెడివారు. ఆ కొలిమి సంపాదనతోనే మేము సంస్కృతము చదివితిమి. ఒక వేసవియందు మేము సెలవులకు ఇంటనున్నప్పుడు, రైతు గొడ్డలి తేగా, తండ్రిగారు పట్టకారు పట్టుమని మమ్ము పిలిచిరి. అవధానసభకు పోవలెను, చేతులు మసియగునని మేము చెప్పితిమి. ఆయన మారుమాటాడక తానే పట్టుకొనిరి. ఇనుమును కాచి నీట ముంచి, మరల సన్నని వేడిమి చూపునప్పుడు దానిపై రంగులు ప్రాకును. ఏ రంగునొద్ద ఆపవలెనో తెలియుటయే పదను రహస్యము. ఆయన ఆ రంగులకు ఏడు పేరులు చెప్పెడివారు. గడ్డిరంగు మంగలికత్తికి, వంకాయరంగు గొడ్డలికి, నెమలికంఠపు రంగు రంపమునకు. తక్కిన నాలుగును మాకు జ్ఞప్తిలేవు.

1988లో వారు కాలధర్మము నొందిరి. నాలుగేండ్లకు, మేము అమరకోశము చెప్పుచు వ్యోకారుడనగా కమ్మరి యనియు, భస్త్రయనగా తిత్తి యనియు, మూషయనగా మూస యనియు వివరించుచుండగా, ఒక బాలుడు లేచి, ‘అయ్యా! ఇనుము పదనెక్కినదని కమ్మరికి ఎట్లు తెలియును?’ అని యడిగెను. మేము ఉత్సాహముతో చెప్ప మొదలిడి మూడు రంగులతో ఆగిపోతిమి. ఆనాడు గాని మేమేమి పోగొట్టుకొంటిమో మాకు తెలియలేదు. ఒక ఆంగ్లేయుడు పదివేల మైళ్లు పోయి పరభాష నేర్చి పరదేశపు కమ్మరి తిత్తి కొలతలు వ్రాసికొనెను. మేము వాకిట నున్న కొలిమికి పది అడుగులు నడువలేదు. భస్త్రా శబ్దమునకు రూపములు వల్లించితిమి. తిత్తి యూదిన తల్లిని ఒక్క మాట అడుగలేదు.

ఇది మా యొక్కరి దోషమే యైనచో ఈ సభలో చెప్పుకొనము. నిజామాబాదు మండలమందలి కోనసముద్రమున మన పూర్వులు మూసలలో ఉక్కు చేసిరి. దానికై పారశీక వర్తకులు అచ్చటికి వచ్చెడివారు. దక్షిణదేశపు ఈ ఉక్కే సీమలో ‘వూట్జు’ అను పేర ప్రసిద్ధి చెందెను; ఆ పేరు మన ‘ఉక్కు’ శబ్దమునుండియే పుట్టినదని పలువురి మతము. మైకేల్ ఫారడే వంటి మహాశాస్త్రజ్ఞుడు దాని మర్మము తెలిసికొనుటకు పరిశోధించెను. అట్టి విద్యను చేసినవారి చేతివ్రాత మనకెక్కడ? నేడు మనకు తెలిసినది విశేషముగా చూడవచ్చిన విదేశీయులు వ్రాసికొనినదే. చేసినవాడు వ్రాయలేదు, వ్రాయనేర్చినవాడు చూడలేదు. ట్రాక్టరులును కర్మాగారపు పనిముట్లును వచ్చిన పిమ్మట గ్రామములలో కొలుములు చల్లారినవి. మిగిలిన పెద్దలు డెబ్బది, ఎనుబది ఏండ్లవారు. వారితో పోవునది తిరిగి రాదు.

కావున మేము ఈ మహాసభకు మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: మన వసతిగృహములయందలి విద్యార్థులును విద్యార్థినులును ప్రతి వేసవియందు ఒక్కొక్క వృద్ధ శిల్పియొద్ద పదిదినములు కూర్చుండి, పనిముట్ల పేరులు, కొలతలు, పని వరుస వ్రాసికొనవలెను. ఆ పెద్దలు పలికిన పలుకే వ్రాయవలెను. మావంటి పండితులు దానిని సంస్కృతముగా మార్చరాదు. నేడు ప్రతి విద్యార్థిచేతను ఫోను గలదు. మాటయు చిత్రమును రెండును అందు నిలుపవచ్చును. రెండవది: తిత్తి యూదిన, అచ్చుమన్ను పిసికిన, బంగారు తీగ లాగిన స్త్రీలను కూడ అడుగవలెను. వారిని ఇంతవరకు ఎవ్వరును అడిగియుండరు. మూడవది పోషక మహాశయులకు: ఈ సంచికయందు మీ చిత్తరువులు ముద్రించుట న్యాయమే. రాబోవు సంచికలో కొన్ని పుటలు ఆ వృద్ధశిల్పులకు విడిచి, వారి పేరు, ఊరు, వృత్తి పేర్కొని, వారు చెప్పినది అచ్చువేయింపుడు. నాన్‌కింగు ఔషధవర్తకునకు దక్కిన గౌరవము మన కమ్మరికిని కంచరికిని దక్కుగాక.

నీడ్‌హమ్ కడపటి సంగతి యొకటి చెప్పి ముగింతుము. 1987లో డొరొతీ దివంగతురాలు కాగా, 1989లో, తన యెనుబదియెనిమిదవ యేట, తనకు అక్షరములు దిద్దించిన లూ గ్వే-జెన్‌ను ఆయన వివాహమాడెను. ఆమె 1991లో గతించెను. అటుపిమ్మటను ఆయన పుస్తకములనడుమనే పనిచేయుచుండెను. నేర్చుకొనుటకు ముప్పదియేడవ యేడు ఆలస్యము కాలేదు. తొంబదియవ యేడు విరామము కాలేదు. అరువది దాటిన మేమును ఈ వేసవినుండి కలము పట్టి ఒక వృద్ధ కమ్మరి వాకిట కూర్చుండ నిశ్చయించితిమి. ఆ నాలుగు రంగుల పేరులు ఎవరికైనను తెలిసియుండినచో, ఈ సభ ముగియకముందే మాకు చెప్పి పుణ్యము కట్టుకొనుడు.

విశ్వకర్మ భగవానుడు మన చేతులకు పనియు, మన కలములకు సత్యమును ప్రసాదించుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.